పొద్దున పట్టే వెనక బ్రేకు అరగంటకే ఎందుకు వదిలేస్తోంది?

పేరు బయటపెట్టొద్దని కోరుతూ ఒక పాఠకుడు చాలా వివరంగా ఉత్తరం రాశారు. ఆయన నడిపేది నాన్నగారి నుంచి వచ్చిన మోటార్‌సైకిల్. ముందూ వెనకా డిస్క్ బ్రేకులే, ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రం పట్టేయకుండా చూసే ఏర్పాటు) లేదు. రోజూ అమ్మగారిని వెనక కూర్చోబెట్టుకుని ఆవిడ పనిచేసే చోట దింపి, అక్కణ్నుంచి తన ఉద్యోగానికి వెళ్తారు. కొన్నాళ్లుగా వెనక బ్రేకు సరిగ్గా పట్టడం లేదు. కాలితో గట్టిగా నొక్కినా బండి సాగుతూనే ఉండేది. ఇంట్లో అందరికీ తెలిసిన మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే, డిస్క్‌ని రెండు పక్కలా నొక్కిపట్టే ప్యాడ్లు మార్చారు. తీసిన పాత ప్యాడ్లలో ఒకటి రేకు దాకా అరిగిపోయింది, రెండోది మాత్రం సగానికి పైనే మిగిలి ఉంది. కొత్తవి వేశాక కూడా పెడల్ మెత్తగానే ఉండటంతో ఎయిర్ తీశారు, అంటే బ్రేక్ ఆయిల్‌లో చేరిన గాలిని బయటికి పంపారు. అయినా మార్పు లేదని చెబితే, పెడల్ ఎత్తు పెంచి ఇచ్చారు.

అప్పట్నుంచి వ్యవహారం మరో రకంగా తయారైంది. పొద్దున బయల్దేరినప్పుడు పెడల్ తాకితే చాలు, బ్రేకు పడుతోంది. అరగంట నడిచేసరికి ఎవరో వెనక్కి లాగుతున్నట్టు బండి బరువెక్కుతోంది, వెనక నుంచి మాడు వాసన వస్తోంది. ఆ తర్వాత పెడల్ కిందిదాకా దిగిపోయి బ్రేకు అసలు పట్టడం లేదు. రాత్రంతా ఆపి ఉంచితే తెల్లారేసరికి మళ్లీ మామూలే. కాలు తీసినా బ్రేక్ లైటు ఒక్కోసారి వెలుగుతూనే ఉంటోంది. ఒక వానరోజు ముందు వెళ్తున్న వాహనాన్ని గుద్దుకోవడం వెంట్రుకవాసిలో తప్పింది. అమ్మగారు ఇప్పుడు బండెక్కాలంటేనే భయపడుతున్నారు. నాన్నగారేమో "వెనక బ్రేకు పేరుకే, అసలు బ్రేకు ముందుది, నీకు వాడటం రాక" అంటున్నారు. మెకానిక్ మాస్టర్ సిలిండర్ (పెడల్ నొక్కుడిని ఆయిల్ ఒత్తిడిగా మార్చే భాగం), క్యాలిపర్ (ఆ ఒత్తిడితో ప్యాడ్లను డిస్క్‌కి నొక్కే భాగం) రెండూ మొత్తం మార్చేయాలంటున్నారు. "చైన్‌కి స్ప్రే నేనే కొట్టుకుంటాను, స్పానర్ పట్టడం కొంచెం వచ్చు. ఆయన చెప్పినట్టు అన్నీ మార్చేయాలా? వేరే చోటికి వెళ్తే నొచ్చుకుంటారేమో. లేక బండే వదిలించుకోవాలా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు" అని ఉత్తరం ముగించారు.

సమాధానం

అన్నిటికన్నా ముందు ఒక మాట. ఈ బ్రేకు సంగతి తేలేదాకా అమ్మగారిని ఆ బండి ఎక్కించుకోకండి. మీరూ నడపకండి. బ్రేకు సరిగ్గా పట్టకపోవడం ఒక ప్రమాదమైతే, మీ ఉత్తరంలో నాకు కనిపిస్తున్నది అంతకన్నా పెద్దది. మీరు కాలు తీశాక కూడా ఆ బ్రేకు పూర్తిగా వదలడం లేదు. అలా అంటుకుని ఉన్న బ్రేకు వేడెక్కేకొద్దీ ఇంకా బిగుసుకుంటుంది. నడుస్తుండగానే వెనక చక్రం పట్టేయొచ్చు. లేదా మీకు జరుగుతున్నట్టు లోపలి ఆయిల్ మరిగి, కీలకమైన క్షణంలో పెడల్ ఖాళీగా కిందికి దిగిపోవచ్చు. అమ్మగారి భయానికి కారణం ఉంది. ఆవిడకు ధైర్యం చెప్పి ఎక్కించడం కన్నా, బాగయ్యేదాకా ఆగమని మీరే చెప్పడం మంచిది.

ఇక చిక్కు విప్పుదాం. మీరు ఒకే సమస్య అనుకుంటున్నది నిజానికి రెండు. మొదటిది ప్యాడ్లు మార్చకముందు నుంచీ ఉన్నది. రెండోది దాన్ని బాగుచేసే ప్రయత్నంలో వచ్చి చేరింది. మొదటిది తీరకుండానే రెండోది మీద పడటంతో, ఏం చేసినా ఫలితం లేనట్టు కనిపిస్తోంది.

మొదటి దానికి ఆధారం మీ పాత ప్యాడ్లలోనే ఉంది. చాలా మోటార్‌సైకిళ్లలో వెనక క్యాలిపర్‌కి పిస్టన్ ఒక వైపే ఉంటుంది. పెడల్ నొక్కితే ఆ పిస్టన్ తన వైపు ప్యాడ్‌ని డిస్క్‌కేసి నొక్కుతుంది. ఆ నొక్కుడికి క్యాలిపర్ మొత్తం రెండు పిన్నుల మీద జారి, అవతలి ప్యాడ్‌ని కూడా లాక్కొచ్చి డిస్క్‌కి ఆనిస్తుంది. రెండు వైపులా సమానంగా పట్టినప్పుడే బ్రేకుకి బలం. ఈ స్లైడ్ పిన్నుల మీద రబ్బరు తొడుగు చిరిగి నీళ్లు పోయినా, లోపలి గ్రీజు ఎండిపోయినా క్యాలిపర్ జారడం మానేస్తుంది. తుప్పు పట్టిన సొరుగులాగే, లాగితే వంకరపోతుంది తప్ప కదలదు. అప్పుడు పని అంతా పిస్టన్ వైపు ప్యాడ్ మీదే పడుతుంది. అది రేకు దాకా అరుగుతుంది, రెండోది దాదాపు అలాగే ఉంటుంది. మీరు చూసింది సరిగ్గా ఇదే.

ప్యాడ్లు మార్చినా, ఎయిర్ తీసినా పెడల్ గట్టిపడకపోవడానికి కూడా ఇదే కారణం కావచ్చు. క్యాలిపర్ జారనప్పుడు మీ కాలి బలంలో కొంత డిస్క్‌ని ఒక పక్కకు వంచడానికి, క్యాలిపర్‌ని పట్టి ఉంచే బ్రాకెట్‌ని మెలితిప్పడానికి ఖర్చయిపోతుంది. ఆ వంగుడే కాలికి మెత్తదనంగా తెలుస్తుంది. లోపల గాలి ఉన్నా ఇలాగే ఉంటుంది కాబట్టి గాలి అనుకోవడం సహజం. ఎయిర్ తీయడం తప్పు కాదు. అంతకన్నా ముందు పిన్నులు చూసి ఉండాల్సింది.

రెండోది పెడల్ ఎత్తు పెంచడం. నాకు ఎక్కువ ఆందోళన కలిగించింది ఇదే, అందుకే దీన్ని కొంచెం నిదానంగా చెబుతాను. పెడల్ దగ్గర్నుంచి ఒక రాడ్ మాస్టర్ సిలిండర్ లోపలికి వెళ్లి పిస్టన్‌ని నెడుతుంది. ఆ సిలిండర్‌కీ పైనున్న ఆయిల్ డబ్బాకీ మధ్య ఒక సన్నటి రంధ్రం ఉంటుంది. కాలు తీసినప్పుడు పిస్టన్ పూర్తిగా వెనక్కి వస్తేనే ఆ రంధ్రం తెరుచుకుంటుంది. వేడికి వ్యాకోచించిన ఆయిల్ అందులోంచే డబ్బాలోకి తిరిగి వెళ్తుంది. అందుకే రాడ్‌కీ పిస్టన్‌కీ మధ్య కొద్దిపాటి ప్లే, అంటే ఒకదానికొకటి తగలని కాస్త ఖాళీ, ఉండి తీరాలి. పెడల్ పైకి రావాలని రాడ్‌ని సర్దినప్పుడు ఆ ప్లే పోతే, పిస్టన్ ఎప్పుడూ కాస్త నొక్కుకునే ఉంటుంది. రంధ్రం మూసుకుపోతుంది.

ఆ తర్వాత జరిగేది మీరు రాసిన వరసలోనే ఉంటుంది. పొద్దున అంతా చల్లగా ఉంటుంది, పెడల్ కదలాల్సిన దూరం తక్కువ కాబట్టి తాకగానే బ్రేకు పడుతుంది, బాగైపోయిందనిపిస్తుంది. నడిచేకొద్దీ ప్యాడ్లు డిస్క్‌ని రాసుకుని వేడి పుడుతుంది. ఆయిల్ వ్యాకోచిస్తుంది, వెనక్కి వెళ్లే దారి లేదు, ఒత్తిడి పెరుగుతుంది, ప్యాడ్లు ఇంకా గట్టిగా రాసుకుంటాయి. అదే మీకు తెలిసిన బరువు, అదే మాడు వాసన. చివరికి క్యాలిపర్ దగ్గర ఆయిల్ మరుగుతుంది. ద్రవాన్ని నొక్కితే ఒత్తిడి ముందుకు వెళ్తుంది, ఆవిరిని నొక్కితే అది కుదించుకుపోతుంది అంతే. అందుకే పెడల్ కిందిదాకా దిగుతుంది. రాత్రి చల్లారాక ఆవిరి మళ్లీ ద్రవమవుతుంది, పొద్దున మామూలుగా ఉంటుంది. మాస్టర్ సిలిండర్ లోపలి వాషర్లు పాడైతే ఇలా వేళను బట్టి మారదు. పెడల్ మీద కాలు అదిమి ఉంచితే చల్లగా ఉన్నప్పుడు కూడా మెల్లగా కిందికి జారుతూ పోతుంది. మీరు ఆ మాట ఎక్కడా రాయలేదు. మొత్తం సెట్టు మార్చాలన్న సలహా దగ్గర నేను ఆగిపోవడానికి కారణం ఇదే.

ఆయిల్ వయసు కూడా ఇందులో కలుస్తుంది. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 3 రకం ఆయిల్ కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా, డాట్ 4 కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. అదే ఆయిల్ 3.7 శాతం నీటిని పీల్చుకున్న స్థితిలో ప్రమాణం ప్రకారం ఆ హద్దులు 140, 155 డిగ్రీలకు పడిపోతాయి. ఇప్పటికే అంటుకుని వేడెక్కుతున్న బ్రేకుకి ఈ తేడా చాలా ఎక్కువ. అందుకే సాధారణంగా రెండేళ్లకోసారి ఆయిల్ మొత్తం మార్చమంటారు. ఎప్పుడో మూత తీసి పెట్టిన డబ్బాలోంచి పోసినది కొత్త ఆయిల్ కిందికి రాదు. ఏది పోయాలో బండి మీదున్న ఆయిల్ డబ్బా మూత మీద రాసి ఉంటుంది. డాట్ 5 అనేది సిలికాన్ రకం, దాన్ని మిగతావాటితో కలపకూడదు. ఇంజిన్ ఆయిల్ లాంటివి ఒక్క చుక్క పడినా లోపలి రబ్బరు ఉబ్బి, ఇదే రంధ్రాన్ని మూసేసి, ఇప్పుడున్న ఇబ్బందే శాశ్వతంగా తెచ్చిపెడతాయి.

ఇదంతా నా ఊహగానే ఉంచకుండా మీరే తేల్చుకోవచ్చు. కొనాల్సిందేమీ లేదు.

బండి చల్లగా ఉన్నప్పుడు పెడల్‌ని చేత్తో, వేలితో మెల్లగా కదిపి చూడండి. గట్టిగా తగిలే ముందు కొన్ని మిల్లీమీటర్లు తేలిగ్గా కదలాలి. అసలు కదలకుండా మొదటి నుంచే బిగువుగా ఉంటే నా అనుమానం బలపడినట్టే. డబ్బా మూత తీసి, మరొకరిని పెడల్ చాలా మెల్లగా నొక్కమని లోపల చూడండి. మొదట్లోనే ఆయిల్ ఉపరితలం మీద చిన్న కదలిక, ఒక్కోసారి సన్నటి చిమ్ము కనిపిస్తుంది. అది కనిపిస్తే రంధ్రం తెరిచే ఉందని అర్థం. మొహం దగ్గరగా పెట్టకండి, ఆ ఆయిల్ పెయింట్ మీద పడితే వెంటనే నీళ్లతో కడిగేయండి, రంగు లేచిపోతుంది.

తర్వాత ఇంజిన్ ఆపి, న్యూట్రల్‌లో, వెనక చక్రం నేలకు తగలకుండా స్టాండ్ వేసి చేత్తో తిప్పండి. చైన్ ఉంటుంది కాబట్టి ముందు చక్రమంత తేలిగ్గా తిరగదు, కానీ పట్టేసినట్టు ఆగకూడదు. పెడల్ నొక్కి వదిలి మళ్లీ తిప్పండి. వదిలిన వెంటనే చక్రం విడుదల కావాలి. వేళ్లు చైన్ దగ్గరికి, స్ప్రాకెట్ దగ్గరికి పోనివ్వకండి.

మూడో పరీక్షే అసలు దారి చూపిస్తుంది. చక్రం పట్టేసి ఉన్న స్థితిలో, క్యాలిపర్ మీదున్న బ్లీడ్ నిపుల్‌ని (ఎయిర్ తీసేటప్పుడు విప్పే చిన్న ముక్కు) కొద్దిగా వదులు చేయాలి. దానికి ముందు పైపు తగిలించి, కళ్లకు అద్దాలు పెట్టుకోండి, లోపలి ఆయిల్ వేడిగా ఉండొచ్చు. కాస్త ఆయిల్ బయటికి వచ్చి చక్రం వెంటనే వదిలేస్తే, ఒత్తిడి లోపల ఇరుక్కుందన్నమాట. అప్పుడు లోపం పెడల్, రాడ్, మాస్టర్ సిలిండర్, బ్రేక్ పైపు వైపు ఉంది. నిపుల్ వదులు చేసినా చక్రం వదలకపోతే లోపం క్యాలిపర్‌లో ఉంది, పిస్టన్ గానీ పిన్నులు గానీ పట్టేశాయి. మీ విషయంలో రెండూ కొంచెం కొంచెం బయటపడినా నేను ఆశ్చర్యపోను. ఈ పరీక్ష తర్వాత ఎయిర్ మళ్లీ తీయించే దాకా బండి కదపకూడదు. చేయి తిరగకపోతే దీన్ని మెకానిక్ ముందే చేయించండి.

ప్లే లేదని తేలితే రాడ్ దగ్గరికి వెళ్లే ముందు ఇంకో రెండు చూడండి. పెడల్ తిరిగే ఇరుసు దగ్గర మట్టి, తుప్పు పేరుకుంటే పెడల్ తనంతట తాను పైకి రాదు. శుభ్రం చేసి గ్రీజు పెడితే చాలాసార్లు సగం బాధ పోతుంది. ఇంకొకటి మీ పాదం. పెడల్ ఎత్తు పెరిగాక, ఫుట్‌రెస్ట్ మీద కాలు పెడితే బూటు అంచు తెలియకుండానే పెడల్ మీద ఆనుతుండొచ్చు. అలా ఆనినా లోపల జరిగేది ఇదే. బ్రేక్ లైటు వెలుగుతూ ఉండటం కూడా ఇక్కడికే దారి చూపిస్తుంది, కానీ దాన్ని ఒక్కదాన్నే నమ్మకండి. పెడల్ ఎత్తు మార్చి స్విచ్ సర్దకపోతే బ్రేకు వదిలినా లైటు వెలుగుతుంది.

రాడ్ సర్దడం పెద్ద పని కాదు. లాక్ నట్ వదులు చేసి, తిప్పి, ప్లే వచ్చాక మళ్లీ బిగించాలి. అయితే కొన్ని బండ్లలో పెడల్ ఎత్తుకి వేరే స్టాపర్ బోల్ట్ ఉంటుంది, కొన్నింటిలో రాడ్ పొడవే ఎత్తును నిర్ణయిస్తుంది. మీ బండి మాన్యువల్‌లో ఎత్తు, ప్లే ఎంతెంత ఉండాలో ఇస్తారు. దాని ప్రకారమే చేయండి, కాలికి హాయిగా ఉందని ఎక్కడో ఒకచోట ఆపకండి. ప్లే సరిగ్గా ఉన్నా ఒత్తిడి ఇరుక్కుంటూనే ఉంటే, పాత ఆయిల్ మడ్డి ఆ సన్నటి రంధ్రంలో చేరి ఉండొచ్చు, లేదా ఏళ్లనాటి రబ్బరు పైపు లోపల ఉబ్బి ఆయిల్‌ని వెళ్లనిచ్చి వెనక్కి రానివ్వకపోవచ్చు.

ప్లే సరిచేస్తే మాడు వాసన, పెడల్ దిగిపోవడం ఆగుతాయి. కానీ అక్కడితో ఆపేస్తే మళ్లీ మొదటికే వస్తారు. పెడల్ మెత్తగా, బ్రేకు బలహీనంగా ఉన్న ఆ పాత స్థితి తిరిగి కనిపిస్తుంది. పిన్నుల పని కూడా చేయాల్సిందే. క్యాలిపర్ విప్పాక దాన్ని పైపుకి వేలాడదీయకూడదు, తాడుతో కట్టి ఉంచాలి. ప్యాడ్లు బయట ఉండగా ఎవరూ పెడల్ తొక్కకూడదు, పిస్టన్ బయటికి వచ్చేస్తుంది. పిన్నులు లాగి తుప్పు తుడిచి, రబ్బరు తొడుగులు చిరిగితే మార్చి, బ్రేకుల కోసం అమ్మే సిలికాన్ గ్రీజు పల్చగా రాయాలి. మామూలు గ్రీజు రబ్బరుని ఉబ్బిస్తుంది. పిస్టన్ బయటికి కనిపించే భాగాన్ని మెత్తటి బ్రష్‌తో శుభ్రం చేసి, చేత్తో నిదానంగా లోపలికి నెట్టి చూడండి. వెళ్లకపోతే బ్లీడ్ నిపుల్ తెరిచి నెట్టండి. అప్పుడు తేలిగ్గా వెళ్లిందంటే లోపం పైన, మాస్టర్ సిలిండర్ వైపే. అప్పుడూ వెళ్లకపోతే పిస్టనే పట్టేసింది, దాని చుట్టూ ఉండే రబ్బరు సీళ్లు మార్చాలి. క్యాలిపర్ తిరిగి బిగించేటప్పుడు బోల్టులు మాన్యువల్‌లో చెప్పిన టార్క్‌కే, అంటే చెప్పినంత బిగువుకే బిగించాలి.

మీ కొత్త ప్యాడ్లు ఇన్నాళ్లూ కాలుతూ ఉన్నాయి కాబట్టి వాటి ముఖం అద్దంలా మెరుస్తుండొచ్చు. పైపైన మెరుపు ఉంటే సమతలమైన రాయి మీద గరుకు కాగితం పరిచి తేలిగ్గా రుద్దవచ్చు, మాస్క్ కట్టుకుని. ఆ పొడిని గాలితో ఊదకండి. అంచులు పొడిపొడిగా రాలుతుంటే, పగుళ్లు కనిపిస్తే కొత్తవే వేయాలి. డిస్క్ మీద నీలం మచ్చలు ఉన్నాయేమో చూడండి, దాని మీద చెక్కి ఉండే కనీస మందం కన్నా పల్చబడలేదని కొలిపించండి.

మీరు చైన్‌కి స్ప్రే కొడతానన్నారు కదా, అది కూడా వదలకూడని విషయం. చైన్ ఒక పక్క, డిస్క్ ఇంకో పక్క ఉన్నా, స్ప్రే తుంపర చువ్వల సందుల్లోంచి డిస్క్ మీదికి చేరుతుంది. అది పడిన బ్రేకు కాలికి గట్టిగానే తగులుతుంది, చక్రం మాత్రం ఆగదు. స్ప్రే కొట్టేటప్పుడు డిస్క్‌కీ చైన్‌కీ మధ్య అట్టముక్క అడ్డం పెట్టండి. డిస్క్‌ని బ్రేక్ క్లీనర్‌తో, అది లేకపోతే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో శుభ్రమైన గుడ్డతో తుడవండి. నూనె పీల్చిన ప్యాడ్లు ఎంత రుద్దినా బాగుపడవు. టైరుకి మెరుపు కోసం రాసే పాలిష్ విషయంలోనూ ఇదే జాగ్రత్త.

ఇప్పుడు మీ ముందున్న దారుల గురించి.

మీరే చేసుకోవడం ఒకటి. పెడల్ ఇరుసు శుభ్రం చేయడం, ప్లే చూడటం, డిస్క్ తుడవటం మీ చేతిలో పనులే. క్యాలిపర్ విప్పడం, ఆయిల్ మార్చడం మాత్రం పక్కన తెలిసినవాళ్లు ఉంటేనే మొదటిసారి చేయండి. ఎయిర్ తీసేటప్పుడు నిపుల్ అన్నిటికన్నా ఎత్తులో లేకపోతే బుడగ అక్కడే ఉండిపోతుంది. కొన్ని వెనక క్యాలిపర్లు బిగించి ఉన్నప్పుడు ఆ కోణంలో ఉండవు, విప్పి, ప్యాడ్ల మధ్య డిస్క్ మందం ఉన్న చెక్క పెట్టి, వంచి పట్టుకుని తీయాలి. ఏబీఎస్ ఉన్న బండ్లయితే లోపలి యూనిట్‌లోకి గాలి పోతే దాన్ని తీయడానికి ప్రత్యేక పరికరం కావాల్సి రావచ్చు, ఇంట్లో ప్రయత్నించకపోవడమే మేలు. మీకు ఆ ఇబ్బంది లేదు.

పాత మెకానిక్ దగ్గరికే వెళ్లడం రెండో దారి. నాకు ఇదే ముందు ప్రయత్నించదగ్గదనిపిస్తోంది, కానీ "బ్రేకు ఇంకా బాగాలేదు" అని మాత్రం వెళ్లొద్దు. అలా వెళితే మళ్లీ ఏదో ఒక భాగం మారుతుంది. "అన్నా, పెడల్ పైకి లేపాక చక్రం వేడెక్కుతోంది, రాడ్‌కి ప్లే ఉందో లేదో ఒకసారి చూద్దామా? పాత ప్యాడ్ ఒకటే అరిగింది కదా, పిన్నులు కదులుతున్నాయో విప్పి చూపిస్తావా?" అని అడగండి. ఇందులో ఆయన్ని తప్పుపట్టడం లేదు. ఆయన చేతిలో ఒక ఆధారం పెడుతున్నారు. పని మీద శ్రద్ధ ఉన్న మెకానిక్ దీనికి నొచ్చుకోరు, పైగా వెంటనే కూర్చుని చూస్తారు. విప్పి చూడకుండానే "అదేం కాదు, సెట్టు మార్చాల్సిందే" అంటే మాత్రం బండి వెనక్కి తెచ్చుకోండి. పరిచయం వేరు, బ్రేకు వేరు. మరోచోట చూపించుకోవడం ద్రోహం కాదు.

కంపెనీ సర్వీస్ సెంటర్ మూడో దారి. మీ మోడల్‌కి సంబంధించిన కొలతలు, సీళ్ల కిట్లు అక్కడ దొరకడం తేలిక. అయితే అక్కడ కూడా చిన్న సీలు మార్చే ఓపిక లేక అసెంబ్లీ మొత్తం మార్చడం జరుగుతుంటుంది, కాబట్టి అక్కడా ఇదే ప్రశ్న అడగాలి. అసెంబ్లీ మార్చడం ఎప్పుడు సబబంటే, సిలిండర్ లోపలి గోడ మీద గీతలు, తుప్పు గుంటలు పడినప్పుడు, క్యాలిపర్ పిస్టన్ మీద పూత లేచిపోయినప్పుడు, నిపుల్ విరిగి లోపల ఉండిపోయినప్పుడు. ఇవేవీ కళ్లతో చూడకుండా మార్చితే, రాడ్ ప్లే లేకుండా కొత్త మాస్టర్ సిలిండర్ బిగించి, మళ్లీ ఇదే ఉత్తరం రాయాల్సి వచ్చే అవకాశం ఉంది.

బండి వదిలించుకోవడం మీ ఇష్టం. ఈ ఒక్క కారణానికైతే అవసరం కనిపించడం లేదు. ఒకవేళ అమ్మితే, కొనేవాళ్లకు ఈ లోపం చెప్పి అమ్మండి.

నాన్నగారి మాటకు వస్తాను. ఆయన చెప్పినదాంట్లో సగం నిజం. బ్రేకు వేయగానే బండి బరువు ముందు చక్రం మీదికి వెళ్తుంది, వెనక టైరు తేలికవుతుంది. పొడి రోడ్డు మీద గట్టిగా ఆపేటప్పుడు ఎక్కువ పని ముందు బ్రేకే చేస్తుంది, అందుకే వెనక డిస్క్‌ని చిన్నగా పెడతారు. కొత్తగా ఉన్నప్పుడు కూడా వెనక బ్రేకు ఒక్కదానితో బండి ముందు బ్రేకు అంత దగ్గరలో ఆగదు. మీరు ముందు బ్రేకు తక్కువ వాడుతున్నట్టయితే, ఆయన మాట విని ఖాళీ స్థలంలో రెండూ కలిపి వేయడం అలవాటు చేసుకోండి. మిగతా సగంతో మాత్రం నేను ఏకీభవించను. వెనక మనిషి కూర్చున్నప్పుడు వెనక టైరు మీద బరువు పెరిగి ఆ బ్రేకు పనికొచ్చేది ఇంకా ఎక్కువవుతుంది. ఇసుక మీద, తడి మలుపులో, నెమ్మదిగా బండి తిప్పేటప్పుడు ముందు బ్రేకు గట్టిగా పడితే ముందు చక్రం జారిపోతుంది, అక్కడ నిలబెట్టేది వెనకదే. ఇంకో విషయం, అంటుకుపోతున్న బ్రేకు మీరు వాడకపోయినా తన పని తాను చేస్తూనే ఉంటుంది. ఈ ఒక్క మాట చెప్పి, పట్టేసిన చక్రాన్ని ఆయన చేత తిప్పించి చూపించండి. వాదన అక్కడితో తేలిపోవచ్చు.

డ్రమ్ బ్రేకు ఉన్న పాఠకులకు రెండు ముక్కలు. అక్కడ ఆయిల్ ఉండదు, పైవన్నీ వర్తించవు. బ్రేకు నొక్కినప్పుడు డ్రమ్ మీది లివర్‌కీ రాడ్‌కీ మధ్య కోణం 90 డిగ్రీలు దాటిపోతే బలం తగ్గిపోతుంది. లివర్ దగ్గరి సూచిక ముల్లు గీత దాటితే, డ్రమ్ లోపల ఒరుసుకునే షూలు అరిగాయని. నట్ బిగిస్తూ పోవడం అక్కడ పరిష్కారం కాదు, షూలను విప్పార్చే కామ్‌ని శుభ్రం చేయించి షూలు చూడండి.

పని అయ్యాక వెంటనే రద్దీలోకి వెళ్లొద్దు. కొత్త ప్యాడ్లు డిస్క్‌కి కుదురుకోవడానికి ఖాళీ రోడ్డు మీద ఓ మోస్తరు వేగం నుంచి మెల్లగా తగ్గించడం, కాస్త చల్లారనివ్వడం, మళ్లీ తగ్గించడం, ఇలా కొన్నిసార్లు చేయాలి. అది మీరు ఒక్కరే వెళ్లి చేయండి. తర్వాత వెనక బ్రేకు వాడకుండా అరగంట నడిపి ఆగి, డిస్క్ మీద రెండు నీటి చుక్కలు వేయండి. చుయ్యిమంటే ఇంకా అంటుకుంటోందని, అప్పుడు మూడో పరీక్ష మళ్లీ చేయించాలి. చుక్క నిదానంగా జారిపోతే, పెడల్ అరగంట తర్వాత కూడా మొదట్లో ఉన్నచోటే నిలబడితే అమ్మగారిని ఎక్కించుకోవచ్చు. వచ్చే సర్వీసులో రెండు ప్యాడ్ల మందం పక్కపక్కన పెట్టి చూడండి. మళ్లీ పిస్టన్ వైపుదే ఎక్కువ అరుగుతుంటే, ఈసారి పిన్నులతో పాటు బ్రాకెట్ వంగిందేమో కూడా చూడమని చెప్పండి.